బిగ్స్‌బీ పెడుతున్నా, బ్రిడ్జ్ రోలర్ శాడిల్‌ది తీసుకోవాలా మామూలుదే చాలా?

ఆరుతీగలు:

అందరికీ నమస్తే. మొదటిసారి ఒక ఎలక్ట్రిక్ గిటార్ మొత్తం నా చేత్తోనే కట్టుకుంటున్నా. బాడీ కోసి, షేప్ చేసి, ఇసుక కాగితం పట్టడం కూడా అయిపోయింది, నెక్ మాత్రం రెడీమేడ్ బోల్ట్-ఆన్ (మరలతో బాడీకి బిగించేది), స్కేల్ (మోగే తీగ పొడవు) 25.5 అంగుళాలు, 22 ఫ్రెట్లు, ఫ్రెట్‌బోర్డ్ రేడియస్ (దాని అడ్డ వంపు) 9.5 అంగుళాలు. ట్రెమొలో (ఆర్మ్ అనే కడ్డీ ఊపితే తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపేది) బిగ్స్‌బీ బీ5, అది చేతికొచ్చేసింది. ఇక బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం, దానిలో ఒక్కో తీగ ఆనే ముక్క శాడిల్) దగ్గరకొచ్చి ఆగిపోయా, రెండు వారాల నుంచి బాడీ అలాగే టేబుల్ మీద ఉంది.

నా దగ్గర ఇంకో పాత గిటార్ ఉంది, దానికీ బిగ్స్‌బీ లాంటి ట్రెమొలోనే, బ్రిడ్జ్ మామూలు ట్యూన్-ఓ-మ్యాటిక్ (స్టడ్‌లు అనే రెండు మరల మీద నిలబడే రకం). దాంతో నా బాధ ఏంటంటే ఆర్మ్ కొంచెం ఊపితే చాలు రెండు మూడు తీగలు ట్యూన్ తప్పుతాయి, పాట మధ్యలో మళ్ళీ తిప్పుకోవాలి. ఈ కొత్త దాంట్లో ఆ గోల ఉండకూడదని మొదటి నుంచీ అనుకుంటున్నా, అందుకే రోలర్ శాడిల్స్ ఉన్న బ్రిడ్జ్ చూస్తున్నా. తీగ శాడిల్ మీద రుద్దుకోకుండా చిన్న చక్రం తిరుగుతుంది కాబట్టి తిరిగి అదే చోటికి వస్తుంది అనేది నాకు అర్థమైన లాజిక్.

కానీ చదివేకొద్దీ కన్ఫ్యూజన్. ఒకళ్ళు రోలర్ లేకుండా బిగ్స్‌బీ పెట్టడమే తప్పంటారు, ఇంకొకళ్ళు రోలర్లు గలగలలాడతాయి, సస్టెయిన్ (స్వరం మోగుతూ నిలవడం) పోతుంది, వద్దంటారు. షాపుల పేజీల్లో చూస్తే అన్నిటికీ ఒకేలాంటి ఫోటో, ఒకేలాంటి రెండు లైన్లు, కొలతలు సగం ఉండవు. వాడినవాళ్ళు చెప్పండి, నిజంగా తేడా ఉంటుందా, ఉంటే ఏం చూసి కొనాలి? స్టడ్ రంధ్రాలు ఇంకా వేయలేదు.

చెక్కపని:

రంధ్రాలు వేయలేదన్నావు చూడు బ్రో, అది చాలా మంచిపని, బ్రిడ్జ్ చేతికొచ్చి దాన్ని నీ వెర్నియర్‌తో కొలిచేదాకా డ్రిల్ ముట్టుకోకు. పేజీలో 74 మిమీ అని రాసున్నా సరే, వచ్చాక రెండు స్టడ్‌ల సెంటర్ నుంచి సెంటర్‌కి కొలువు. బుషింగ్ (స్టడ్ కూర్చునే లోహపు గొట్టం) బయటి వ్యాసం కూడా కొలిచి, అదే బిట్‌తో ముందు ఓ పారేసే చెక్కముక్క మీద రంధ్రం వేసి బుషింగ్ దిగ్గొట్టి చూడు, బిగుతుగా దిగాలి, కానీ సుత్తితో బలంగా బాదాల్సిన అవసరం రాకూడదు. స్టడ్‌లలో కూడా రెండు రకాలున్నాయి, సన్న మరవి బుషింగ్ లేకుండా నేరుగా చెక్కలోకి దిగేవి, లావు ఎం8 మరవి బుషింగ్‌లో కూర్చునేవి. ట్యూన్-ఓ-మ్యాటిక్‌లలో పాత ఏబీఆర్-1 మొదటి రకం, నాష్‌విల్ అనేది రెండోది. రోలర్ బ్రిడ్జ్‌లు రెండింటికీ దొరుకుతాయి, ఫోటో చూసి పోల్చుకోలేం.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం, రేడియస్. ట్యూన్-ఓ-మ్యాటిక్ టైపు ఎక్కువ శాతం 12 అంగుళాల రేడియస్‌కి చేసుంటాయి, నీ నెక్ 9.5. కాగితం మీద లెక్కేశా, రెండు చివర్లా ఉండే ఈ (E) తీగల మధ్య దూరం 52 మిమీ అనుకుంటే, 12 అంగుళాల వంపులో చివరి తీగ మధ్య తీగల కంటే దాదాపు 1.06 మిమీ కిందుంటుంది, 9.5 లో అయితే 1.35. అంటే తేడా 0.3 మిమీ లోపే. బయటి తీగల యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) సరిగ్గా పెట్టుకుంటే మధ్య రెండు తీగలు ఆ 0.3 మేర తక్కువ ఎత్తులో పడతాయి. యాక్షన్ బాగా కిందికి పెట్టుకునేవాళ్ళకి డీ, జీ తీగలు పైన ఫ్రెట్ల దగ్గర జిర్రుమంటాయి, మామూలుగా వాయించేవాడికి పెద్దగా తెలీదు. అదే 7.25 అంగుళాల నెక్ అయితే తేడా 0.7 దాకా పోతుంది, అప్పుడు మాత్రం వదిలేయలేం.

మామూలు శాడిల్ అయితే ఈ 0.3 ని సూది ఫైల్‌తో గాడి లోతు చేసి సర్దేస్తాం. రోలర్‌లో ఆ పని కుదరదు! చక్రానికి ఒక చోట ఫైల్ పెడితే అది ఇక గుండ్రంగా ఉండదు, తిరిగినప్పుడల్లా తీగ ఎత్తు మారుతుంది. అందుకని రోలర్ కొనేముందు దాని రేడియస్ అడిగి తెలుసుకో, లేదంటే మధ్య శాడిల్స్ కింద పల్చని ఇత్తడి రేకు ముక్క పెట్టి లేపుకోవాలి, ఆ డిజైన్‌లో శాడిల్ కింద దానికి చోటుందో లేదో కూడా చూసుకోవాలి.

ఇంకోటి, ఇది బ్రిడ్జ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది. నీ బోల్ట్-ఆన్ నెక్ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) లెక్కలో ఉంటే ఫ్రెట్‌బోర్డ్ పై తలం బాడీ మీద 9, 10 మిమీ ఎత్తులోనే ఉంటుంది, ఫ్రెట్ ఎత్తు, యాక్షన్ కలుపుకున్నా బ్రిడ్జ్ దగ్గర తీగలు 13 మిమీ దగ్గర ఉండాలి. ట్యూన్-ఓ-మ్యాటిక్‌ని పూర్తిగా కిందికి దించినా మామూలుగా అంతకంటే ఎత్తే. అంటే నెక్ పాకెట్‌కి (బాడీలో నెక్ కూర్చునే గుంటకి) కొంచెం కోణం ఇవ్వాలి, లేదా పాకెట్ లోతు తక్కువ పెట్టుకుని నెక్‌నే పైకి లేపాలి. 22వ ఫ్రెట్ నుంచి బ్రిడ్జ్‌కి నీ స్కేల్‌లో దాదాపు 182 మిమీ, 1.5 డిగ్రీల కోణం ఇస్తే బ్రిడ్జ్ దగ్గర 4.8 మిమీ దాకా ఎత్తు దొరుకుతుంది. పాకెట్ ఇప్పటికే తవ్వేశావా?

సన్నతీగ:

పైన చెప్పినదంతా కరెక్టే కానీ నేను ఇంకో వైపు నుంచి వస్తా. మీ పాత గిటార్ ట్యూన్ తప్పడానికి బ్రిడ్జే కారణం అని ఎలా తెలుసండీ? ఆర్మ్ ఊపినప్పుడు తీగ బ్రిడ్జ్ మీద మాత్రమే కదలదు, నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) గాడిలోనూ కదులుతుంది, మీ బీ5 లో అయితే ముందుండే అడ్డ బార్ కింద కూడా వంగి పోతుంది. ఈ మూడింట్లో ఎక్కడ పట్టేసినా ఫలితం ట్యూన్ తప్పడమే. నా అనుభవంలో మూడొంతుల కేసుల్లో నట్టే దొంగ.

కనిపెట్టడం కష్టం కాదు. గిటార్ ట్యూనర్‌కి పెట్టి, ఒక్కో తీగని సరిగ్గా శ్రుతి చేసి, ఆర్మ్‌ని నిదానంగా కిందికి నొక్కి నిదానంగా వదలండి, మళ్ళీ పైకి లాగకండి. ఇప్పుడు ఆ తీగ షార్ప్‌గా (శ్రుతి కంటే పైకి) తిరిగొచ్చిందా ఫ్లాట్‌గా (శ్రుతి కంటే కిందికి) వచ్చిందా చూడండి.

షార్ప్‌గా వస్తే నట్ పట్టేస్తోంది. ఎందుకంటే ఆర్మ్ నొక్కినప్పుడు మోగే భాగంలో బిగువు పడిపోతుంది, హెడ్‌స్టాక్ వైపు తీగ కొంచెం అటు లాక్కుంటుంది, వదిలాక ఆ కొంచెం నట్ దాటి ఇటు రావాలి, రాలేకపోతే మోగే భాగంలో తీగ తక్కువై బిగువు ఎక్కువవుతుంది. ఫ్లాట్‌గా వస్తే కథ తిరగబడింది, టెయిల్‌పీస్ (బ్రిడ్జ్ వెనక తీగల చివరలు పట్టుకునే భాగం) వైపు నుంచి శాడిల్ దాటి ఇటొచ్చిన తీగ వెనక్కి పోలేకపోయింది, అది బ్రిడ్జ్ పట్టడం. తీగని చేత్తో ఒకసారి బెండ్ చేసి వదిలితే షార్ప్ పోయి సరైపోయిందంటే ఇక నట్ మీద అనుమానం లేదు, ట్యూన్ చేసేటప్పుడు టిక్ అని చిన్న చప్పుడు రావడం కూడా దాని లక్షణమే.

తీగ కదిలేది ఎంతో తెలుసా, సన్న ఈ తీగని అర స్వరం దించడానికి మొత్తం మీద మిల్లీమీటరు కూడా కదలదు. అంత చిన్న కదలిక, అందులో కొంచెం ఎక్కడో ఇరుక్కున్నా చెవికి పట్టేస్తుంది. నట్ అలాగే వదిలేసి రోలర్ బ్రిడ్జ్ కొంటే సమస్యలో సగం అక్కడే ఉంటుంది. ముందు పాత గిటార్ మీద ఇది చేసి చెప్పండి.

ఆరుతీగలు:

ఇద్దరికీ చాలా థాంక్స్, రాత్రి కూర్చుని ఆరు తీగలూ చేశా. జీ తీగ ప్రతిసారీ షార్ప్, ఒకసారి కాదు ఐదుసార్లు చేసినా అదే, బెండ్ చేసి వదిలితే సరైపోతుంది, మీరు చెప్పిన టిక్ చప్పుడు కూడా విన్నా, ఇన్నాళ్ళూ అది ట్యూనర్ మరలో చప్పుడనుకున్నా. బీ, సన్న ఈ పర్లేదు. కానీ లావు ఈ, ఏ రెండూ ఫ్లాట్‌గా వస్తున్నాయి, లావు ఈ మరీను. అంటే నా గిటార్‌లో రెండు రోగాలూ ఉన్నట్టేగా.

అన్నా, పాకెట్ ఇంకా తవ్వలేదు, నెక్ హీల్ గీత మాత్రం గీసుకున్నా. కోణం ఇవ్వాలని నాకు తట్టనే లేదు, మీరు చెప్పకపోతే బ్రిడ్జ్ పెట్టాక తీగలు ఆకాశంలో ఉండేవి.

సన్నతీగ:

లావు తీగలు ఫ్లాట్‌గా రావడం అర్థమవుతుంది. చుట్టు తీగలకి పైన చుట్టిన వైరు ఉంటుంది కదా, ఆ గీతలు శాడిల్ అంచు మీద ఆకురాయిలా గీసుకుంటాయి, పాత శాడిల్ అయితే ఆ చుట్ల అచ్చు శాడిల్‌లో పడిపోయి ఉంటుంది కూడా. భూతద్దం పెట్టి చూడండి కనిపిస్తుంది. రోలర్ నిజంగా పనికొచ్చేది ఈ తీగలకే. జీ తీగకి మాత్రం నట్ గాడి సరిచేసి, మెత్తని పెన్సిల్ ములుకు పొడి గాడిలో రుద్దండి.

రాత్రిరిఫ్:

రోలర్ గలగల గురించి అడిగావు కదా, ఆ మాట అబద్ధం కాదు, నేను అనుభవించా, కానీ అన్ని రోలర్లకీ వర్తించదు కూడా. చెప్తా విను.

నేను కట్టిన రెండో గిటార్‌కి తక్కువలో వచ్చిందని ఒక రోలర్ బ్రిడ్జ్ వేశా. జీ తీగ ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మోగిస్తే వెనకాల సన్నగా దోమ తిరుగుతున్నట్టు ఒక మూలుగు, ఆంప్‌లో పెద్దగా తెలీదు, ప్లగ్ తీసేసి వాయిస్తే మాత్రం పిచ్చెక్కేది. ఫ్రెట్ అనుకుని ఫ్రెట్లన్నీ లెవెల్ చూశా, ట్రస్ రాడ్ తిప్పా, పికప్ స్ప్రింగులు బిగించా, ఏమీ లేదు. చివరికి ఒక పుల్ల తీసుకుని తీగ మోగుతుండగా ఒక్కో శాడిల్‌కీ ఆనించుకుంటూ పోయా, మూడో శాడిల్ చక్రానికి పక్క నుంచి పుల్ల తగలగానే మూలుగు టక్కున ఆగింది. విప్పి చూస్తే ఆ చక్రం ఇరుసు మీద అటూ ఇటూ కదులుతోంది, గోరుతో కదిపితేనే తెలుస్తోంది, మిగతా అయిదూ గట్టిగా ఉన్నాయి. ఇరుసు మీద సూది మొనతో చిక్కటి గ్రీజు చుక్క పెట్టి మళ్ళీ బిగించా, అంతే, ఆరు నెలలు చప్పుడు లేదు, తర్వాత కొంచెం వచ్చింది, మళ్ళీ పెట్టా. ఆ తర్వాత మంచి బ్రిడ్జ్ మార్చుకున్నా.

కాబట్టి బ్రిడ్జ్ రాగానే బిగించే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపు. గలగలమంటే తీగలు లేనప్పుడు కొంత సహజమే, కానీ ఒక్కో చక్రాన్నీ వేలిగోరుతో పక్కలకి నెట్టి చూడు, ఏదో ఒకటి మాత్రం మిగతావాటి కంటే ఎక్కువ ఆడుతుంటే వెనక్కి పంపేయ్. అలాగే ఒక్కోటి తిప్పి చూడు, ప్లేటింగ్ మందంగా పడి ఇరుసుకి అంటుకుపోయిన చక్రాలు నేను చూశా, తిరగని రోలర్ అంటే మామూలు శాడిల్ కిందే లెక్క.

ఇంకొక్క మాట, బ్రేక్ యాంగిల్. శాడిల్ దాటాక తీగ వెనక్కి ఎంత కిందికి వంగుతుందో అది. మరీ తక్కువైతే చక్రాన్ని కిందికి అదిమే బలం లేక గలగల, గట్టిగా పిక్ కొడితే తీగ గాడిలోంచి ఎగిరి పక్కకి పోతుంది. మరీ ఎక్కువైతే ఇరుసు మీద బరువు పడి చక్రం తిరగడానికి మొండికేస్తుంది. నీ బీ5 అడ్డ బార్ కింద నుంచి తీగలు పోతాయి కాబట్టి నీకు ఎక్కువయ్యే ప్రమాదమే ఉంది. ముఖ్యంగా తీగ బ్రిడ్జ్ వెనక అంచుకి కానీ, ఇంటోనేషన్ స్క్రూ (శాడిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది) తలకి కానీ తగలకూడదు. తగిలిందా, రోలర్ ముందు ఎంత చక్కగా తిరిగినా తీగ వెనకాల ఇనుము మీద గీసుకుంటూనే ఉంటుంది. సన్న కాగితం ముక్క తీగకీ బ్రిడ్జ్ అంచుకీ మధ్య దూర్చి చూడు, ఆరు తీగలకీ తేలిగ్గా జారాలి.

సస్టెయిన్ పోతుందన్నది మాత్రం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆరుతీగలు:

ఆ పుల్ల ఐడియా భలే ఉంది అన్నా, పాత గిటార్‌లో కూడా ఒక చోట అలాంటి మూలుగే ఉంది, రేపు చూస్తా. ఒక ఫ్రెండ్ షాలర్ 3డీ-6 తీసుకో, రోలర్లూ ఉన్నాయి, ఒక్కో శాడిల్ ఎత్తు విడిగా పెట్టుకోవచ్చు, రేడియస్ గొడవే ఉండదు అంటున్నాడు. అది నాకు పనికొస్తుందా?

ఫ్రెట్‌ఫైల్:

మంచి బ్రిడ్జే గానీ మీ గిటార్‌కి కాదండీ. అది హార్డ్‌టెయిల్, తీగల చివర బంతులు ఆ బ్రిడ్జ్ వెనకే కూర్చుంటాయి, బిగ్స్‌బీ పెట్టినప్పుడు తీగలు బ్రిడ్జ్ దాటి వెనక్కి పోవాలి కదా. మీ ఫ్రెండ్ చెప్పిన గుణాలు నిజమే, ఎత్తు, ఇంటోనేషన్, తీగల మధ్య దూరం మూడూ ఒక్కో తీగకి విడిగా సర్దుకోవచ్చు, ఆ పేరులో 3డీ అందుకే. ట్రెమొలో లేని గిటార్‌లో రోలర్ వల్ల ట్యూనింగ్‌కి పెద్ద లాభం లేదు, అక్కడ దాన్ని తీసుకునేది ఆ అడ్జస్ట్‌మెంట్ల కోసమే.

మీకు కావాల్సింది రెండు స్టడ్‌ల మీద నిలబడే ట్యూన్-ఓ-మ్యాటిక్ రూపంలోని రోలర్. విల్కిన్సన్‌లో ఉంది, ఏబీఎంలో ఉంది, షాలర్‌లోనూ ఉంది. పేరు కంటే పైన వాళ్ళు చెప్పిన కొలతలు ముఖ్యం.

రోలర్ ఒక్కటే దారి అని కూడా అనుకోకండి. గ్రాఫ్‌టెక్ వాళ్ళ స్ట్రింగ్ సేవర్ శాడిల్స్ ఉన్నాయి, వాటి మీద తీగ జారిపోతుంది, తిరిగే భాగమే లేదు కాబట్టి గలగల ప్రశ్నే రాదు. 1960లలో గిబ్సన్ కూడా ఏబీఆర్-1 లో నైలాన్ శాడిల్స్ వేసింది. ఇంకో పద్ధతి ఫెండర్‌ది, 1958 జాజ్‌మాస్టర్‌లో బ్రిడ్జ్ మొత్తమే కాళ్ళ మీద ముందుకీ వెనక్కీ ఊగుతుంది, తీగ శాడిల్ మీద జారకుండా శాడిలే తీగతో పాటు కదులుతుంది. సన్న స్టడ్‌ల ఏబీఆర్ రకం కూడా బిగ్స్‌బీతో కొంచెం ఇలాగే ఊగుతుంది, చాలామందికి రోలర్ లేకుండానే ట్యూన్ నిలబడడానికి అదొక కారణం. అందుకే ఒకటి గుర్తుపెట్టుకోండి, రోలర్ తీసుకుంటే బ్రిడ్జ్ కదలకుండా గట్టిగా నిలబడాలి. చక్రమూ తిరిగి, బ్రిడ్జూ ఊగితే తీగ ఎక్కడికి తిరిగొస్తుందో చెప్పలేం. స్టడ్‌లో వదులుంటే పక్క నుంచి బిగించే చిన్న స్క్రూలున్న మోడల్ చూడండి.

ఆరుతీగలు:

సరే, తేల్చేశా. ఎం8 బుషింగ్‌ల రోలర్, పక్కన లాక్ స్క్రూలున్నది ఆర్డర్ పెట్టా, అమ్మేవాళ్ళని అడిగితే రేడియస్ 12 అని చెప్పారు, మధ్య శాడిల్స్ కింద రేకు పెట్టుకుంటా. నట్ కూడా కొత్తది చేస్తా, గాడులు నేనే తీస్తా. చివరిగా ఒక్కటి, బ్రిడ్జ్‌ని ఎంత వాలుగా పెట్టాలి, రంధ్రాల గీత ఎక్కడ గీయాలి?

చెక్కపని:

బ్రిడ్జ్ వచ్చాక సన్న ఈ శాడిల్‌ని నట్ వైపు దాదాపు చివరిదాకా తోసి ఒక మిల్లీమీటరు మిగుల్చు. ఆ స్థితిలో చక్రం పై బిందువు నట్ నుంచి కచ్చితంగా 647.7 మిమీ దగ్గర పడాలి, అది నీ 25.5 అంగుళాలు. తీగ నొక్కితే బిగువు పెరుగుతుంది కాబట్టి శాడిల్ ఎప్పుడూ స్కేల్ కంటే వెనక్కే పోతుంది, ముందుకి రావాల్సిన పని దాదాపు ఉండదు. సన్న ఈ కి 2 మిమీ లోపు, లావు ఈ కి 4, 5 మిమీ దాకా వెనక్కి కావాలి, అందుకే లావు తీగ వైపు స్టడ్‌ని సన్న వైపు కంటే 3 మిమీ వెనక్కి పెట్టు. రోలర్ శాడిల్స్‌కి చక్రం చోటు తినేయడం వల్ల ముందుకీ వెనక్కీ జరిగే దూరం మామూలువాటి కంటే తక్కువగా ఉండొచ్చు, లావు ఈ శాడిల్ పూర్తిగా వెనక్కి లాగి స్కేల్ కంటే కనీసం 6 మిమీ అందుతోందా లేదా గీత గీసే ముందే కొలిచి చూడు, అందకపోతే వాలు ఇంకాస్త పెంచు.

బిగ్స్‌బీని ముందు బిగించకు, నెక్ పెట్టి రెండు ఈ ల చోట దారం లాగి, అది ఫ్రెట్‌బోర్డ్ రెండు అంచులకీ సమాన దూరంలో పడేలా బ్రిడ్జ్‌ని పక్కలకి జరిపి, అప్పుడు మాస్కింగ్ టేప్ మీద గుర్తు పెట్టు. పాకెట్ కోణం తవ్వి, నెక్ బిగించి, దాని తర్వాతే ఇదంతా. ఎర్త్ వైరుకి బుషింగ్ రంధ్రంలోంచి కంట్రోల్ కేవిటీకి సన్న రంధ్రం కూడా అప్పుడే వేసుకో, బుషింగ్ దిగాక మళ్ళీ పీకితే చెక్క లేచిపోతుంది.